గడి, గీత, చూపు: ఇంట్లో తయారుచేసుకునే యుద్ధపు ఆటలు

బల్ల మీద ఆడే యుద్ధపు ఆటలో వాదాలన్నీ చివరికి రెండు ప్రశ్నల దగ్గర తేలతాయి. ఈ పావు అక్కడిదాకా వెళ్లగలదా? ఈ పావుకు ఆ పావు కనిపిస్తుందా? మొదటిదానికి జవాబు గడులు చెప్పాలి. రెండోదానికి చూపు నియమం చెప్పాలి. అంగట్లో కొన్న ఆటలో ఈ రెంటినీ ఎవరో పదే పదే ఆడి, సరిచూసి, ముద్రించి ఇస్తారు. చార్ట్ పేపరు మీద గీసుకున్న ఆటలో ఆ బాధ్యత గీసినవాళ్లదే. ఒకే బోర్డు ముందు ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ, ఒకరినొకరు అడగకుండానే ఒకే జవాబుకు రావాలి. ఇంటి ఆట నిలబడేది ఆ ఒక్క గుణం వల్ల. రంగులూ బొమ్మలూ దాని తర్వాతే.

తెలుగువాళ్లకు ఈ విద్య కొత్తది కాదు. గుడి మండపాల బండల మీద, వీధి అరుగుల మీద గీసి కనిపించే పులి–మేక పటం నిజానికి రెండు అసమాన బలగాల పోరు. త్రికోణాన్ని అడ్డగీతలు కోసే పటంలో 23 బిందువులు, మూడు పులులు, పదిహేను మేకలు. పులి తన పక్క బిందువులో ఉన్న మేక మీదుగా దూకి, అదే గీత మీద అవతలి ఖాళీ బిందువులో దిగితే ఆ మేక పోయినట్టే. మేక వెనక మరో మేక నిలబడితే దూకడానికి వీల్లేదు. ఇక్కడ పావులు గడుల్లో ఉండవు, గీతలు కలిసే చోట ఉంటాయి. రెండు బిందువులు కంటికి ఎంత దగ్గరగా కనిపించినా, వాటి మధ్య గీత లేకపోతే అవి పొరుగు కావు. ఎవరు ఎవరికి అందుబాటులో ఉన్నారన్న ప్రశ్నకు గీతే సాక్ష్యం. అందుకే ఈ ఆటలో కొలతబద్ద అవసరం రాదు, తగవు రాదు. చదరంగంలో ఏనుగు, శకటు కూడా అంతే. తిన్నగానో ఏటవాలుగానో వాటి దారి పోతుంది, మధ్యలో ఏ పావు అడ్డొచ్చినా అక్కడితో ఆగుతుంది. గుర్రానికి మాత్రమే అడ్డు లెక్కలేదు. చూపు నియమంలో ఉండాల్సిన మూల సూత్రాలన్నీ ఈ రెండు ఆటల్లోనే ఉన్నాయి: చూపు ఎటు పోతుంది, ఎంత దూరం పోతుంది, ఏది అడ్డుకుంటుంది, ఎవరికి మినహాయింపు.

చదరంగం బోర్డుకు కొండలూ చిత్తడి నేలలూ చేర్చిన ప్రయత్నం 1780లో జర్మనీలోని బ్రున్స్‌విక్‌లో జరిగింది. హెల్విగ్ అనే గణిత అధ్యాపకుడు గడులకు రంగులు వేసి ఒక్కో రంగును ఒక్కో రకం నేలగా నిర్ణయించాడు. ఆ తర్వాతి తరంలో ప్రష్యాకు చెందిన రైస్విట్జ్ తండ్రీకొడుకులు గడులనే పక్కన పెట్టారు. కొడుకు 1824లో తెచ్చిన ఆటలో అసలైన సైనిక పటం వాడారు, 1:8000 కొలతతో. దూరాలు కొలబద్దతో తేల్చేవారు. కనిపించిందా లేదా అన్నది మధ్యవర్తి చెప్పేవాడు. 1913లో ఇంగ్లండు రచయిత హెచ్.జి. వెల్స్ పిల్లల బొమ్మ సైనికులతో ఇంటి నేల మీద ఆడే ఆట రాసినప్పుడు, నడక దూరాన్ని దారం ముక్కతో కొలవమన్నాడు. అమెరికాలో చార్లెస్ రాబర్ట్స్ 1954లో చదరపు గడులతో ఒక యుద్ధపు ఆటను అమ్మకానికి పెట్టాడు. 1961 నాటికి ఆయన స్థాపించిన అవలాన్ హిల్ సంస్థ ఆటల్లో ఆరు భుజాల గడి వచ్చేసింది. అప్పటి నుంచి యుద్ధపు ఆట అనగానే తేనెపట్టులాంటి ఆ బోర్డే గుర్తుకొస్తోంది. అలవాటు వల్ల దాన్నే ఎంచుకోవడం మాత్రం సరికాదు. ఏ గడి ఏ తప్పు చేస్తుందో తెలుసుకుని ఎంచుకోవాలి.

చదరపు గడి చేసే తప్పు మూలల్లో ఉంది. పక్క గడికి దూరం ఒకటి అనుకుంటే, మూల గడికి అసలు దూరం 1.41. రెంటినీ ఒకే అడుగుగా లెక్కిస్తే ఏటవాలుగా నడిచే పావు నూటికి 41 వంతులు ఎక్కువ దూరం పోతుంది. ఆటగాళ్లు ఇది కనిపెట్టిన మరుక్షణం నుంచి సైన్యాలన్నీ ఏటవాలుగానే నడుస్తాయి. దీనికి పాత మందు ఒకటుంది. మొదటి మూల అడుగుకు ఒకటి, రెండో మూల అడుగుకు రెండు, మళ్లీ ఒకటి, మళ్లీ రెండు. సగటున ఒకటిన్నర. ఇలా లెక్కిస్తే ఏ దిక్కుకు పోయినా తప్పు నూటికి 12 వంతులు దాటదు. ఆరు భుజాల గడిలో ఆరు పొరుగు గడులూ సమాన దూరంలోనే ఉంటాయి. అయినా రెండు పొరుగు గడుల మధ్యగా, అంటే మూల వైపుగా ప్రయాణించాలంటే రెండు అడుగులు వేసినా దక్కేది 1.73 గడుల దూరమే. లెక్క 15 వంతులు ఎక్కువవుతుంది. అంటే దూరం విషయంలో ఒకటి–రెండు పద్ధతి పాటించే చదరపు గడి ఆరు భుజాల గడికి తీసిపోదు. ఆరు భుజాల గడి నిజంగా గెలిచేది మరో చోట. అందులో రెండు గడులు ఒక్క మూల దగ్గర మాత్రమే తాకే పరిస్థితి రాదు. రెండు గోడల మధ్య మూల సందులోంచి దూరవచ్చా, చూడవచ్చా అన్న ప్రశ్నే పుట్టదు.

ఆరు భుజాల గడులను చేత్తో గీయడం శ్రమ. అందుకు తేలిక దారి ఇటుకల వరసలా గీయడం. అడ్డ వరసలు గీసి, ఒక్కో వరసను పై వరస కంటే సగం గడి పక్కకు జరిపితే ప్రతి గడికీ ఆరు పొరుగు గడులు వస్తాయి. ఇక్కడ ఒక చిన్న లెక్క పాటించాలి. గడి అచ్చమైన చతురస్రం అయితే పై వరస గడి మధ్య బిందువు పక్క గడి కంటే కాస్త దూరమవుతుంది. ఎత్తును వెడల్పులో 0.866 వంతుకు తగ్గిస్తే ఆరు దూరాలూ సమానమవుతాయి. 30 మిల్లీమీటర్ల వెడల్పుకు 26 మిల్లీమీటర్ల ఎత్తు సరిపోతుంది. స్టేషనరీ దుకాణంలో దొరికే 22 అంగుళాల వెడల్పు, 28 అంగుళాల పొడవున్న చార్ట్ పేపరు మీద ఈ కొలతతో అడ్డంగా 18, నిలువుగా 27 గడులు పడతాయి. ప్రతి గడి మధ్యలో ఒక చుక్క పెట్టడం మరవకూడదు. చూపు నియమమంతా ఆ చుక్కల మీదే ఆధారపడుతుంది.

ఏ గడి అన్నది నేలను బట్టి తేలాలి. జంషెడ్‌పూర్ ఇందుకు మంచి ఉదాహరణ, ఎందుకంటే ఈ ఊరి రూపకర్తలు ఇదే ప్రశ్నను వీధుల విషయంలో ఎదుర్కొన్నారు. ఇక్కడి ఉక్కు కర్మాగారం తొలినాళ్లలో అమెరికా ఇంజినీరు జూలియన్ కెనడీ తిన్నని వీధులు ఒకదాన్నొకటి అడ్డంగా కోసే పథకం వేశాడు. 1920 ప్రాంతంలో టెంపుల్ అనే మరో ఇంజినీరు ఆ పద్ధతిని వదిలి, నేల వాలును, నీటి పారుదలను అనుసరించి రోడ్లు వంపు తిరిగేలా చూశాడు. 1940ల్లో వాస్తుశిల్పి ఓటో కోనిగ్స్‌బర్గర్ ఊరిని పేటలుగా, ఒక్కో పేటకు దాని సొంత వసతులతో ఊహించాడు. బల్ల మీద ఆటకు ఈ మూడూ మూడు రకాల బోర్డులు. తిన్నని వీధులూ గోడలూ ఉన్న చోట చదరపు గడి. వాలు, వంపు, అడవి ఉన్న చోట ఇటుకల వరస లేదా ఆరు భుజాల గడి. పేటలూ వంతెనలూ మాత్రమే ముఖ్యమైన పెద్ద ఆటకు పులి–మేకలాగా బిందువులూ గీతలూ. సోనారి దగ్గర దోముహానీలో ఖర్కాయి నది సువర్ణరేఖలో కలుస్తుంది. ఈ రెండు నదుల మీద వంతెనలే యుద్ధాన్ని నిర్ణయించే ఆటకు వందల గడులు గీయడం వృథా. ఇరవై బిందువులు చాలు.

ఈ ఊళ్లో తరాలుగా ఉంటున్న ఉత్తరాంధ్ర మూలాల తెలుగు కుటుంబాలకు వెంటనే తట్టే కథ బొబ్బిలి యుద్ధం. 1757 జనవరి 24న విజయనగరం విజయరామరాజు, ఫ్రెంచి సేనాని బుస్సీ కలిసి బొబ్బిలి రాజు రంగారావు కోటను ముట్టడించారు. మట్టి గోడలు, బురుజులు, చుట్టూ అడవి. కోట గోడలు తిన్ననివి కనుక ఇక్కడ చదరపు గడే మేలు. ఇటుకల వరసలో నిలువుగా పోయే గోడ రంపం పళ్లలా వంకరపోతుంది. గోడను గడి నిండా నింపకూడదు, గడుల మధ్య గీతను మందంగా దిద్దితే చాలు. అప్పుడు గోడకు ఇవతలి గడిలోనూ అవతలి గడిలోనూ పావు నిలబడగలదు. ఫిరంగి గోడను పగలగొట్టినప్పుడు ఆ ఒక్క గీత ముక్క మీద తెల్ల కాగితం అంటిస్తే గండి పడినట్టు. బురుజు గడికి రెండు పక్కల గోడల వెంబడి చూపు దొరకాలి. బురుజు గోడకంటే ముందుకు పొడుచుకు రావడానికి కారణమే అది. అలా గీయని బురుజు బొమ్మకు మాత్రమే బురుజు.

ఇక జంషెడ్‌పూర్ ప్రాంతపు సొంత చరిత్ర దాల్మా కొండలది. 1832–33లో గంగా నారాయణ్ సింగ్ నాయకత్వంలో భూమిజ గిరిజనులు ఈస్టిండియా కంపెనీ మీద తిరగబడ్డారు. అది అడవుల్లో, కొండ దారుల్లో జరిగిన పోరాటం. కంపెనీ సిపాయి తుపాకి వంద గజాలు దాటితే గురి నిలవదు. అందుకని గడి ఒక్కటి 50 గజాలు అనుకుంటే తుపాకి మేర రెండు గడులు. చార్ట్ పేపరు నిలువు 1,350 గజాలు. దాల్మా సుమారు 3,000 అడుగుల ఎత్తున్న కొండ, అదంతా ఈ కాగితంలో పట్టదు. ఒక లోయ, ఒక వాగు, రెండు వైపులా సాల వృక్షాల అడవి పడతాయి. ఆటకు అంత చాలు. కొలతను ఎప్పుడూ ఆయుధం మేర నుంచే మొదలుపెట్టాలి. మేర ఒక్క గడికంటే తక్కువైతే చూపు నియమానికి పనే ఉండదు. ఇరవై గడులైతే బోర్డంతా ఒకరికొకరు కనిపించి, ఎవరూ కదలలేని ఆట అవుతుంది.

చూపును తేల్చే సాధనం కుట్టు దారం. చూసే పావు గడి చుక్క మీద ఒక కొస, లక్ష్యం గడి చుక్క మీద రెండో కొస పెట్టి బిగించాలి. దారం అడ్డుగడి లోపల నుంచి పోతే చూపు లేదు. పోకపోతే ఉంది. దారం సరిగ్గా గీత వెంబడి పోయే సందర్భం ఒకటి తప్పకుండా వస్తుంది. ఇటుకల వరసలో ఒక గడి నుంచి తిన్నగా పైకి, రెండు వరసల అవతలి గడికి దారం పడితే, మధ్య వరసలో అది ఏ గడిలోనూ పడదు, రెండు గడుల నడుమ గీత మీదే పోతుంది. చదరపు బోర్డులో మూల గడికి పట్టిన దారం సరిగ్గా నాలుగు గడులు కలిసే చోటు దాటుతుంది. రెండు చోట్లా ఒకే సూత్రం పెట్టుకోవచ్చు: గీతకు రెండు పక్కలా అడ్డు ఉంటేనే చూపు ఆగుతుంది, ఒక పక్కే ఉంటే ఆగదు. 2004లో వచ్చిన మెమొవార్ 44 అనే ప్రసిద్ధమైన ఆట కూడా గడి అంచు విషయంలో ఇదే పాటిస్తుంది.

మధ్య చుక్క నుంచి మధ్య చుక్కకు అన్న పద్ధతికి ఒక గొప్ప సుగుణం ఉంది. దారాన్ని ఏ కొస నుంచి చూసినా దారి ఒకటే. కొన్ని ఆటల్లో కాల్చేవాడు తన గడి నాలుగు మూలల్లో నచ్చినదాన్ని ఎంచుకుని, అక్కడి నుంచి లక్ష్యం మూలలన్నిటికీ గీతలు పట్టి చూసుకుంటాడు. గోడ చాటు నుంచి తొంగిచూడడాన్ని ఇది బాగా చూపిస్తుంది. కానీ అటు నుంచి దక్కిన జవాబు ఇటు నుంచి దక్కకపోవచ్చు. ఎవరూ కోరుకోని అసమానత్వం గీతలోంచి పుడుతుంది. అలాగని అసమానత్వం ఉండకూడదని కాదు. అడవిలో పొంచి ఉన్నవాడు బయటివాణ్ణి చూస్తాడు, బయటివాడికి వాడు కనిపించడు. దాల్మా పోరాటానికి ప్రాణం అదే. ఆ తేడాను గీతలో పెట్టకూడదు, మేరలో పెట్టాలి. గీత ఇద్దరికీ ఒకటే. అడవి అంచు గడిలో ఉన్న భూమిజు పావు బయటి మైదానంలో పది గడుల దాకా చూస్తుంది. ఆ పావును చూడాలంటే సిపాయి రెండు గడుల దగ్గరికి రావాలి. దారం ఎవరు పట్టుకున్నా తగవు రాదు, అడవి బలం మాత్రం అలాగే ఉంటుంది.

అడవికి మరో నియమం కూడా కావాలి. చూపు అడవి అంచు గడిలోకి పోతుంది, దాన్ని దాటి లోపలికి పోదు. అడవి లోపల ఉన్న పావులు పక్క గడిని మాత్రమే చూస్తాయి. ఇంతవరకే రాసి ఆపితే పెద్ద లోపం మిగులుతుంది. 1970లో వచ్చిన పంజర్‌బ్లిట్జ్ అనే ఆటలో అదే జరిగింది. అడవి గడిలో ఉన్న దళం మీద, పక్క గడిలో తమవాళ్లు లేనిదే కాల్పులు జరపడానికి వీల్లేదన్నారు. దాంతో ట్యాంకులు ఒక అడవి నుంచి ఇంకో అడవికి ఒక్క ఎత్తులో పరుగెత్తి దాక్కునేవి. మధ్య మైదానంలో ఎన్ని ఫిరంగులు ఎక్కుపెట్టి ఉన్నా ప్రయోజనం లేకపోయింది. 1974లో అదే కోవలో వచ్చిన పంజర్ లీడర్ ఈ లోపాన్ని సరిదిద్దింది: ఎదుటివాడి పావు కదులుతున్న నడుమలోనే, అది బయట గడిలో ఉండగా కాల్చవచ్చు. ఇంటి ఆటకు ఈ నియమం తప్పనిసరి. ప్రతి పావూ ఎదుటివాడి వంతులో ఒక్కసారి ఇలా కాల్చవచ్చు, కాల్చినదాన్ని పక్కకు తిప్పి పెట్టాలి అంటే లెక్క గుర్తుంటుంది. దానికి తోడు, కాల్చిన పావు ఆ వంతు ముగిసేదాకా అందరికీ కనిపిస్తుందనాలి. 1832 నాటి నల్ల మందు తుపాకి పేలితే పొగ చెట్ల పైకి లేచేది. ఈ నియమం ఆటలో సమతూకానికే కాక చరిత్రకు కూడా న్యాయం చేస్తుంది. విల్లంబులకు పొగ ఉండదు. బాణం వేసిన భూమిజు పావుకు ఈ నియమం వర్తించకపోవడమే సబబు.

అన్నిటికంటే ఎక్కువ చిక్కు తెచ్చేది ఎత్తు. కొండను మెట్లుగా విడగొట్టి ఒక్కో మెట్టుకు ఒక రంగు వేయాలి. సాల అడవి ఎత్తునే ఒక మెట్టుగా తీసుకుంటే లెక్క తేలికవుతుంది. అడవి ఉన్న గడి తన నేలకంటే ఒక మెట్టు ఎక్కువ. పైనుంచి చూసేవాడికి అడ్డు వెనక కొంత నేల కనిపించదు, మిగతాది కనిపిస్తుంది. ఆ కనిపించని నేల పొడవు ఎంతో లెక్క కట్టవచ్చు. చూసేవాడి నుంచి అడ్డు దాకా ఉన్న గడులను, అడ్డు నేలకంటే ఎన్ని మెట్లు ఎత్తో దానితో హెచ్చించాలి. వచ్చినదాన్ని, చూసేవాడు అడ్డుకంటే ఎన్ని మెట్లు ఎత్తులో ఉన్నాడో దానితో భాగించాలి. మూడో మెట్టు మీద సిపాయి ఉన్నాడు. నాలుగు గడుల దూరంలో మైదానంలో ఒక అడవి గడి, ఎత్తు ఒక మెట్టు. నాలుగును ఒకటితో హెచ్చిస్తే నాలుగు, రెండుతో భాగిస్తే రెండు. అడవి వెనక రెండు గడులు అతనికి కనిపించవు, మూడోది కనిపిస్తుంది. భిన్నం వస్తే వదిలేయాలి, ఎందుకంటే నీడ ఆ గడి చుక్క దాకా చేరలేదు. లక్ష్యం కూడా మెట్టు మీద ఉంటే, అడ్డు ఎత్తును ఆ మెట్టు నుంచి కొలవాలి. అడ్డు చూసేవాడితో సమానమైన ఎత్తుదో, ఇంకా ఎత్తుదో అయితే భాగహారంతో పనిలేదు, దాని వెనక తనకంటే కింద ఉన్న నేలంతా చాటే. కింద ఉన్నవాడు పైకి చూస్తున్నప్పుడు కూడా లెక్క పైవాడి నుంచే కట్టాలి. గీత ఒకటే గనుక జవాబు కూడా ఒకటే.

ఆడుతూ ఆడుతూ ఈ భాగహారం చేయడం విసుగు. ముందే చిన్న పట్టిక రాసి బోర్డు అంచున అంటించుకోవాలి. అడ్డు దూరం అడ్డ వరసలో, ఎత్తు తేడా నిలువు వరసలో. ఒక మెట్టు ఎత్తున్న అడ్డుకు ఒక పట్టిక, రెండు మెట్ల అడ్డుకు మరొకటి, అంతకంటే అక్కర్లేదు. మూడు మెట్ల కంటే ఎక్కువ ఉన్న బోర్డు ఇంటి ఆటకు బరువే. కొండ పైభాగం చదునుగా ఉంటే ఇంకో మాట కూడా రాసుకోవాలి: అంచు గడిలో ఉన్నవాడే కింది నేలను చూడగలడు, లోపలి గడిలో ఉన్నవాడికి కొండ అంచే అడ్డు. సైన్యాన్ని శిఖరం వెనక దాచి, ఒక్కరిద్దరిని మాత్రమే అంచున నిలబెట్టడం సేనానులకు పాత ఎత్తుగడ. నియమం సరిగా ఉంటే ఆటగాళ్లు ఆ ఎత్తుగడను తామే కనుక్కుంటారు.

నదికి చూపుతో పేచీ లేదు, నడకతోనే. సువర్ణరేఖ మీదుగా ఎంత దూరమైనా కనిపిస్తుంది. అందుకే నది గడి దాటేవాళ్లకు అది అత్యంత ప్రమాదకరమైన చోటు. ఊరి గడులు అడవిలాంటివే, కానీ వీధి తిన్నగా ఉంటే ఆ వీధి వెంట చూపు సాగాలి. రెండో ప్రపంచ యుద్ధ కాలపు ఆట చేసేవాళ్లు జంషెడ్‌పూర్ ఉక్కు కవచంతో తయారై, సైనికుల నోట టాటానగర్ అని పేరుపడ్డ సాయుధ కార్లను బోర్డు మీదికి తేవచ్చు. అప్పుడు గడి కొలత 50 గజాలు కుదరదు, 200 గజాలకైనా పెంచాలి. మెట్లు, అడవి, దారం మాత్రం అవే.

నియమాలు రాసుకున్నాక, ఆట మొదలుపెట్టకముందే ఒక పరీక్ష చేయాలి. బోర్డు మీద ఇరవై గడుల జంటలు ఎంచి, ఇద్దరు వేరువేరుగా కూర్చుని ప్రతి జంటకూ కనిపిస్తుందో లేదో రాసుకోవాలి. రెండు జాబితాలు ఎక్కడ తేడా వచ్చాయో అక్కడ నియమం సరిగా లేదని అర్థం. ఆటగాళ్ల తెలివిని తప్పుపట్టకూడదు, వాక్యాన్ని మార్చాలి. సాధారణంగా తేడాలు మూడు చోట్ల వస్తాయి: గీత మీదుగా పోయే దారం, అడవి అంచు, కొండ అంచు. మొదటిసారి ఎవరైనా ఇక్కడే తడబడతారు.

మూడో మనిషి దొరికితే ఆట ఇంకో స్థాయికి పోతుంది. 1824 నాటి ప్రష్యా పద్ధతిలో అతను మధ్యవర్తి. బోర్డుకు మూడు నకళ్లు తీయాలి, ఒకటి మధ్యవర్తికి, ఒక్కోటి ఒక్కో పక్షానికి. ఇద్దరు ఆటగాళ్లూ తమ పావులను మాత్రమే తమ కాగితం మీద పెట్టుకుంటారు, కదలికలు చీటీ మీద రాసిస్తారు. దారం, పట్టిక మధ్యవర్తి చేతిలో ఉంటాయి. మేరలో సగంలోపు ఉన్నదాన్ని పేరుతో సహా చెబుతాడు. అంతకు మించిన దూరంలో ఉంటే ఆ గడిలో మనుషులున్నారని మాత్రమే చెబుతాడు, ఎందరో, ఏ ఆయుధంతోనో చెప్పడు. అడవి లోపల కదిలినవాళ్ల గురించి, పక్క గడిలో ఎవరూ లేకపోతే, అసలు నోరు విప్పడు.